టాక్టికల్ స్టాక్ గారి దివ్య సముఖమునకు

అయ్యా,

పాత రైఫిల్‌కి చెక్క భాగం ఊడదీసి, దాని బదులు బిగించే కమాండో ఫ్యాషన్ ప్లాస్టిక్ ఒళ్లు తమరు. అట్టపెట్టెలో హైదరాబాద్ సైనిక్‌పురికి వచ్చి దిగిన రోజు మా పిన్ని తమర్ని వాక్యూమ్ క్లీనర్ విడిభాగం అనుకుంది. ఆమె తప్పేం లేదు. నల్లటి ప్లాస్టిక్ ఒళ్లు, పొడుగునా చిల్లులు, టార్చీ గట్రా తగిలించుకోవడానికి గాట్లు గాట్లుగా రైలు అనే పట్టా, కింద పిస్టల్‌కి ఉన్నట్టు ఓ పిడి. బాబాయ్ మాత్రం తమర్ని రెండు చేతులా ఎత్తుకుని హాల్లోకి తెచ్చాడు. మనవణ్ణి కూడా ఇంత భద్రంగా ఎత్తుకోలేదని పిన్ని అక్కడే అనేసింది.

ఎవరింటికి వచ్చారో తమకు తెలిసినట్టు లేదు. ఉండేది సైనిక్‌పురిలోనే గానీ బాబాయ్ సైన్యంలో చేయలేదు, బ్యాంకులో లోన్లు చూసి రిటైరయ్యాడు. తమర్ని బిగించిన ఆ .315 బోరు రైఫిల్ మా తాతది. పుట్టిల్లు ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ, వంశం లీ-ఎన్‌ఫీల్డ్ అనే పాత బ్రిటిష్ సైనిక రైఫిల్‌ది. పరిగి దగ్గర మక్కచేను పాడుచేసే అడవిపందుల కోసం తాత లైసెన్సు తీసుకున్నాడు. ఆ చేను ఇప్పుడు ప్లాట్ల వెంచరైంది. గజం రేటు విని పందులు కూడా పక్కూరికి పోయాయి.

ఇక ఈ మధ్య రైఫిల్ చూసిన యుద్ధాలంటారా, 2023 నవంబరులో అసెంబ్లీ ఎన్నికలు, 2024 మేలో లోక్‌సభ ఎన్నికలు. రెండుసార్లూ పోలీస్ స్టేషన్లో జమ చేయడం, రసీదు తీసుకోవడం, కోడ్ ఎత్తేశాక ఇంటికి తెచ్చుకోవడం. మిగతా కాలమంతా ఇనప బీరువాలోనే. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లు చేశారు కాబట్టి రెన్యువల్ పేరుతో బయటి గాలి పీల్చుకునే భాగ్యం కూడా తగ్గింది. ఇంత ప్రశాంతంగా రిటైరైన రైఫిల్‌కి తమరు కమాండో వేషం కట్టారు.

మొన్న రెన్యువల్ తనిఖీలో కానిస్టేబుల్ ఓసారి లైసెన్సు పుస్తకం, ఓసారి తమర్ని చూసి, "సార్, ఇందులో రాసిన రైఫిల్ ఇదేనా? ఏదో ఆపరేషన్‌కి పోతున్నట్టుంది" అన్నాడట. చివరికి ఇనుము మీది నంబరు చూసుకుని ఊరుకున్నాడు. బాబాయ్ ఆ మాటని మెడల్ ఇచ్చినట్టే ఇంటిల్లిపాదికీ చెప్పుకున్నాడు.

తమ గొప్ప కాదనను. చెక్కకు వానాకాలం పడదు. తేమకు ఉబ్బి బ్యారెల్‌ని ఒరుసుకుంటే గురి పక్కకు జరుగుతుంది. తమకు ఆ జబ్బు లేదు. స్కోపు, అంటే గురి చూసే దుర్భిణి, పెడితే కన్ను పైకి లేపాలి, అప్పుడు చెంపకు ఆనిక పోతుంది. తమ చెంపదిండు ఎత్తు పెంచుకోవచ్చు, మడమ, అంటే భుజానికి ఆనే వెనక భాగం, పొడవు కూడా ఆసామి చెయ్యిని బట్టి సర్దుకోవచ్చు. ఇవి అసలైన సుగుణాలు. మన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు కదా, ఆ పోటీల రైఫిళ్లకు చెంప దగ్గరా భుజం దగ్గరా ఇలాంటి ఏర్పాట్లే ఉంటాయి. వాటినెవరూ టాక్టికల్ అనరు. అంతెందుకు, వందేళ్ల కిందటే లీ-ఎన్‌ఫీల్డ్‌ల చెక్క మడమలు పొట్టి, మామూలు, పొడుగు అని సైజుల వారీగా వచ్చేవి. చెప్పుల షాపులో అడిగినట్టు అడిగి తీసుకోవడమే. కాబట్టి తమరు మరీ అంత విర్రవీగనక్కర్లేదు.

కానీ ఆ పిస్టల్ పిడి ఎందుకండీ? ఇది బోల్టు లాగే రైఫిల్. తూటా తూటాకీ పిడి వదిలి, బోల్టు ఎత్తి, లాగి, తోసి, మళ్లీ పిడి వెతుక్కోవాలి. పాత చెక్క మీదైతే చెయ్యి అలా జారి ఇలా వచ్చేది. సరే, పేల్చేదెలాగూ లేదనుకుందాం. బీరువా సంగతేమిటి? తాత రైఫిల్ కొలతకి చేయించిన బీరువాలో తమ పిడి అడ్డంపడి తలుపు మూసుకోవడం లేదు. తాళం పడకపోతే లైసెన్సుకే మాట వస్తుంది. ఇప్పుడు తమ కోసం కొత్త బీరువాకి ఆర్డరిచ్చారు. రైఫిల్ మొత్తానికి తాత పెట్టిన డబ్బు ఆ బీరువా అడ్వాన్సుకి కూడా చాలదు.

ఇంకో తంటా. ఇన్నాళ్లూ ఎవరూ అడగని రైఫిల్‌ని తమరు వచ్చాక మా బావమరిది పెళ్లి బరాత్‌కి తెమ్మంటున్నాడు, "ఊరికే ఫోటోకి" అని. సంబరాల్లో నిర్లక్ష్యంగా కాల్పులు జరిపి జనాన్ని ప్రమాదంలో పడేస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ అని అదే 2019 సవరణలో ఉంది. ఆ మాట చెబితే వాడు మొహం మాడ్చుకున్నాడు. చెక్క మడమ ఉన్నన్నాళ్లూ దాన్ని వాడు ముసలోళ్ల సామాను అనేవాడు.

ఆ ముసలోళ్ల సామాను, అంటే ఊడదీసిన చెక్క మడమ, ఇప్పుడు అటక మీద దుప్పట్ల పక్కన ఉంది. తాత చెంప ఆనిన చోట చెక్క నున్నగా, నల్లగా దిగింది. కింది అంచున బండకి తగిలిన ఓ గాటు. ఏటా అవిసె నూనె పట్టించి గుడ్డతో రుద్దడం తప్ప ఏ సేవా కోరేది కాదు.

అందుచేత నా మనవి ఇది. తమ చెంపదిండు ఒక్కటి ఆ చెక్కకి బిగించుకునేలా విడిగా ఇప్పించి, పిడి, పట్టాలు, చిల్లులు సహా తమరు దయచేయండి. బాబాయ్‌ని ఒప్పించే బాధ్యత నాది కాదు, పిన్నిది.

ఇట్లు,
బీరువా బిల్లులో సగం వాటా పడినవాడు

తా.క. తమ రైలుకి తగిలించిన టార్చిని పిన్ని ఊడదీసి ఫ్రిజ్ మీద పెట్టుకుంది. కరెంటు పోయినప్పుడు బాగా పనికొస్తోందట. దాన్ని మాత్రం వెనక్కి అడక్కండి.