మీరసలు లేరట కదా! సోడియం పంపు గారికి విశాఖ నుంచి బహిరంగ లేఖ

శ్రీయుత సోడియం-పొటాషియం పంపు గారికి,
కణత్వచం, గోడలోనే కాపురం.

అయ్యా,

మోటారు విలువ విశాఖ అపార్ట్‌మెంటు వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. కింద సంపు, పైన ట్యాంకు. వాచ్‌మన్ స్విచ్చి వెయ్యడం మరిచిన పూట మూడో అంతస్తాయన ఒంటినిండా సబ్బుతో మెట్ల దగ్గరికొచ్చి కేకలేస్తాడు. కణం పొరలో కూర్చున్న ప్రొటీనైన మీరూ అలాంటి మోటారేనని ఇన్నాళ్లూ నమ్ముకున్నాం. కణానికి శక్తి నాణెంలాంటి అణువైన ఏటీపీని ఒక్కటి తిని మూడు సోడియంలు బయటికి తోస్తారు, రెండు పొటాషియంలు లోపలికి లాగుతారు. సెకనుకి వంద సార్ల దాకా ఇదే చాకిరీ. తీరా చూస్తే మీరసలు లేరని ఫిర్యాదు!

ఫిర్యాదుదారు ఆషామాషీ మనిషి కాదు. కండరకణంలోకి గుచ్చి వోల్టేజి చదివే సన్నటి గాజు ఎలక్ట్రోడుని 1949లో జెరార్డ్‌తో కలిసి తీర్చిదిద్దిన గిల్బర్ట్ లింగ్. కణం నీళ్లసంచి కాదన్నారాయన. లోపలి ప్రొటీన్లకున్న కార్బాక్సిల్ అనే రుణావేశపు చేతులు పొటాషియంని పట్టుకుని వదలవు, నీళ్లు ప్రొటీన్ల చుట్టూ వరసలు కట్టి సోడియంని రానివ్వవు, ఇక తోడేదేముంది అన్నారు. 1962లో లెక్క కూడా చూపించారు. కప్ప కండరాన్ని సున్నా డిగ్రీల్లో పెట్టి, ఆక్సిజన్ అందకుండా చేసి, చక్కెర విరిచి శక్తి తీసే గ్లైకాలిసిస్‌ని అయోడోఎసిటేట్ అనే విషంతో నొక్కేసి చూస్తే, సోడియం తోడడానికయ్యే ఖర్చు చేతిలో ఉన్న శక్తికి 15 నుంచి 30 రెట్లు తేలిందట.

జీతానికి ముప్పై రెట్లు కరెంటు బిల్లొస్తే కొందరు మోటారుని పీకేస్తారు. మేం మీటరుని చూస్తాం. లింగ్ లాగా రేడియోధార్మిక సోడియం ఎంత బయటికొచ్చిందో లెక్కపెడితే, ఒకటి బయటికీ ఒకటి లోపలికీ ఊరికే చేతులు మారిన సోడియం కూడా ఆ లెక్కలో పడుతుంది. ఆ మార్పిడికి పైసా ఖర్చు లేదు. అసలు బిల్లు ఇది: బయట సోడియం 145, లోపల 12, పొటాషియం లోపల 140, బయట 4, అన్నీ మిల్లీమోలుల్లో. 37 డిగ్రీలు, లోపల మైనస్ 70 మిల్లీవోల్టులు. మోలు సోడియం తొయ్యడానికి 13 కిలోజౌళ్ల పైచిలుకు, మోలు పొటాషియం లాగడానికి రెండున్నర. మూడు సోడియంలూ రెండు పొటాషియంలూ కలిపితే 44 చిల్లర. కణంలో మోలు ఏటీపీ ఇచ్చేది 50కి పైనే. బిల్లు కట్టగా ఇంకా మిగిలింది.

పైగా మీ మీటరు మనవాడిది. ఏటీపీ విరిగితే రాలే ఫాస్ఫేటుని నీలం రంగు చూసి కొలిచే పద్ధతి భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో ఫిస్కేతో కలిసి ఇచ్చింది. 1929లో ఏటీపీని పట్టుకున్నదీ ఆ ఇద్దరే (అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా). మిమ్మల్ని పట్టిచ్చింది మాత్రం పీత. ఫిషింగ్ హార్బర్‌లో మనం ఇగురు కోసం బేరమాడే జీవి కాళ్లలోంచి డెన్మార్క్‌లో యెన్స్ స్కౌ నరాలు లాగి నూరారు. మెగ్నీషియం ఉన్నచోట సోడియంతో పాటు పొటాషియం కూడా పోస్తేనే ఆ ముద్ద ఏటీపీని గబగబా విరిచింది. ఆ మాట 1957లో రాస్తే నోబెల్ 1997లో వచ్చింది. పీతకి ఏమీ రాలేదు.

1967లో గరాహన్, గ్లిన్ ఇంకో అడుగు వేశారు. లోపలిదంతా కడిగేసిన ఎర్రకణాల్లో సోడియం, పొటాషియంలని ఎదురుగా నడిపి మిమ్మల్ని వెనక్కి తిప్పితే మీరు ఏటీపీ తయారు చేశారు. లేని మోటారుని ఎవరైనా వెనక్కి తిప్పగలరా?

పొటాషియంని ప్రొటీన్లే పట్టుకున్నాయన్న మాటకి జవాబు స్క్విడ్ చెప్పింది. దాని నాడీతంతువు అర మిల్లీమీటరు మందం ఉంటుంది. 1961లో ప్లిమత్‌లో బేకర్, హాడ్జ్‌కిన్, షా దానిమీద రబ్బరు రోలరు నడిపి, టూత్‌పేస్టు నొక్కినట్టు లోపలి సరుకు చాలావరకు బయటికి పిండేశారు. ఖాళీ గొట్టంలో పొటాషియం సల్ఫేటు నింపారు. తంతువు మునుపటిలాగే సంకేతాలు పంపింది. ప్రొటీన్లు పళ్లెంలో, వోల్టేజి గొట్టంలో!

మీ గైర్హాజరీ ఎలా ఉంటుందో ల్యాబుల వాళ్లనడగాలి. పాడేరు వైపు నుంచి రక్తం ట్యూబు సీరం (కణాలు తీసేశాక మిగిలే ద్రవం) వేరు చెయ్యకుండా ఐసుపెట్టెలో ఘాట్ దిగి రాత్రంతా వస్తే, చలికి మీరు మందగిస్తారు, కణాల్లోంచి కారే పొటాషియం మాత్రం కారుతూనే ఉంటుంది. పొద్దున్న రిపోర్టులో 4 దగ్గర ఉండాల్సిన పొటాషియం 7. రోగి ఈసీజీ చూస్తే శుభ్రంగా ఉంటుంది. సెంట్రిఫ్యూజులో తిప్పి సీరం తీసాకే ఐసు. (పొటాషియం పెరిగి, కాల్షియం మరీ పడిపోతే తప్పు మీదీ కాదు, ఐసుదీ కాదు, రక్తం గడ్డకట్టకుండా ఊదా మూత ట్యూబులో వేసే పొటాషియం ఈడీటీఏ ఇందులో కలిసింది.)

చలికి ప్రొటీన్ల పట్టు కూడా సడలొచ్చు కదా అంటారు లింగ్ శిష్యులు. సరే. చల్లబడ్డ ఎర్రకణాలని గ్లూకోజుతో వెచ్చబెడితే పొటాషియం తిరిగి లోపలికెళ్తుంది; గుండెకిచ్చే స్ట్రోఫాంథిన్ జాతి మందు కలిపితే వెళ్లదని షాట్జ్‌మన్ 1953లోనే చూపించారు. అదే జాతి గుండె మందు డైగాక్సిన్ మాత్రా, గన్నేరు విషమూ పట్టుకునేది మీ మెడే. మీరు లేకపోతే అవి ఎవరి మెడ పట్టుకుంటున్నాయి?

ఇంత వెనకేసుకొచ్చాం కాబట్టి ఒక మొట్టికాయ. మీ పక్కన పాఠ్యపుస్తకాలు గీసే కణం బొమ్మ చూశారా? ఖాళీ సంచిలో నాలుగు గుళికలు తేలుతుంటాయి. కణద్రవ్యం బరువులో అయిదో వంతు నుంచి మూడో వంతు దాకా ప్రొటీనే. సింహాచలం చందనోత్సవం క్యూలా ఉంటుంది లోపల. లింగ్ కోపంలో ఈ ముక్క నిజం, ఆ బొమ్మ మాత్రం మారలేదు. వింతగా ఉందని ఏ సిద్ధాంతాన్నీ మేం కొట్టెయ్యం కూడా. పీటర్ మిచెల్ అనే శాస్త్రవేత్త 1961లో పొరకి రెండు వైపులా ఉన్న ప్రోటాన్ల తేడాతోనే ఏటీపీ తయారవుతుందంటే నమ్మినవాళ్లు తక్కువ. 1966లో పాలకూర హరితరేణువులని ఆమ్లంలో నానబెట్టి, చీకట్లోనే క్షారంలోకి మారిస్తే ఏటీపీ వచ్చింది. మిచెల్‌కి 1978లో నోబెలూ వచ్చింది.

ఇట్లు,
మీ బిల్లు సరిచూసిన విశాఖ వాసులు

తా.క. లింగ్ పేరు చెప్పి బీచ్ రోడ్డు వాకర్లకి ‘క్రమబద్ధ జలం’ సీసాలు అమ్మేవాళ్లున్నారు. నీటి అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలు సెకనులో లక్ష కోట్లో వంతు లెక్కన తెగి అతుక్కుంటుంటాయి. మూత తీసేలోపే క్రమమంతా చెదిరిపోతుంది. లింగ్ చెప్పిన వరసలు కట్టించేది ప్రొటీను. సీసా మీది చీటీలో ప్రొటీను: సున్నా గ్రాములు.