సెల్లారులో ఎదురైన కారు

మా డ్రెస్సింగ్ టేబుల్ 1998లో మా ఆవిడతో పాటు సారెగా వచ్చింది. టేకు కర్ర, నాలుగు సొరుగులు, మూడు అద్దాలు. పాత సామాన్లు కొనేవాడు అద్దాలతో సహా 600 అన్నాడు. మా ఆవిడ అతనికి మంచినీళ్లు కూడా ఇవ్వకుండా పంపించేసింది. ఇక అమ్మడం కుదరదు, ఇంట్లో చోటు లేదు. సెల్లారులో మా కారు పక్కన పెట్టి పనిముట్ల బల్లగా వాడుకుందామనుకున్నాను. ఉప్పుకాగితంతో రుద్దాను, బిగుసుకుపోయిన సొరుగులకు కొవ్వొత్తి రాశాను, పానాలు, స్క్రూడ్రైవర్లు సర్దాను, ఉత్సాహం ఆగక డిక్కీలోని జాకీని కూడా తెచ్చి కింది సొరుగులో పెట్టాను. అద్దాలు తీసేయమంటే వడ్రంగి "తీస్తే పగులుతాయి, నా పూచీ లేదు" అన్నాడు. అలాగే ఉంచేశాను.

మర్నాడు రాత్రి పెళ్లి భోజనం చేసి తిరిగొచ్చేసరికి పదకొండు దాటింది. మా అపార్టుమెంటు సంఘం కార్యదర్శిగారు కరెంటు బిల్లు తగ్గించాలని పదింటికే సెల్లారు లైట్లు ఆర్పించేస్తారు. తగ్గిన బిల్లు ఇంతవరకూ నా కంటపడలేదు, చీకటి మాత్రం రోజూ కనపడుతూనే ఉంది. ర్యాంపు దిగాను. ఎదురుగా కారు.

ఫుల్ లైట్లు వేసుకుని నా మొహం మీదికే వస్తోంది. బానెట్ మీద ఎర్రటి బొట్లు, ఒకటి కాదు, ఏడెనిమిది. కొత్త కారు, పూజ చేయించుకుని వస్తున్నారు కాబోలు అనుకున్నాను. డిప్పర్ కొట్టాను. అతనూ కొట్టాడు, సరిగ్గా అదే క్షణంలో. పొగరుబోతు! ఇరుకైన ఎత్తు దారిలో దిగే బండే ఆగి, ఎక్కే బండికి దారివ్వాలన్నది చట్టం. దిగేవాణ్ని నేనే కనుక న్యాయం అతని పక్షాన ఉంది. పళ్లు కొరుక్కుంటూ వెనక్కి తీశాను. అతనూ వెనక్కి తీశాడు. పోనీ, మర్యాదస్తుడే. ముందుకు కదిలాను. అతనూ కదిలాడు. నేను మూరెడు జరిగితే అతను బారెడు మీదికి వస్తున్నాడు. అద్దంలో బొమ్మకూ మనకూ మధ్య దూరం మన వేగానికి రెట్టింపు వేగంతో తరుగుతుందని మావాడు తరువాత విడమరచి చెప్పాడు. చదువులు ఎప్పుడూ ఇంతే, అవసరం తీరాక పనికొస్తాయి.

ఫిర్యాదు చేద్దామని నంబరు ప్లేటు చూశాను. అక్షరాలు ఏ రాష్ట్రానివో అంతుపట్టలేదు. దొంగ ప్లేటే! అప్పుడు హారన్ మీద చెయ్యి పెట్టాను. వెంటనే తీయలేదని ఒప్పుకుంటున్నాను. సెల్లారులో హారన్ శబ్దం నాలుగు గోడలకూ తగిలి తిరిగొస్తుంది కదా, అతను కూడా కొడుతున్నాడని అనిపించి ఇంకా గట్టిగా నొక్కాను.

పక్క సీట్లో నిద్రపోతున్న మా ఆవిడ లేచింది. ఎదుటి కారును కాసేపు చూసింది.

"ఏమండీ, ఆ బొట్లు నావి."

ఇరవై అయిదేళ్లుగా స్నానానికి వెళ్లే ముందు ఆవిడ నుదుటి మీది బొట్టుబిళ్ల తీసి అద్దానికి అంటించడం, మళ్లీ తీసుకోవడం మరిచిపోవడం నాకు తెలియనిదేమీ కాదు. కానీ మనిషి కారు నడుపుతూ అవన్నీ గుర్తుపెట్టుకోగలడా?

ఈలోగా పై అంతస్తుల్లో లైట్లు వెలిగాయి. కార్యదర్శిగారు లుంగీ సర్దుకుంటూ దిగి వచ్చారు. పార్కింగ్ గళ్లలో సామాన్లు ఉండకూడదని ఆ మధ్యాహ్నమే వాచ్‌మన్ చేత బల్లను ర్యాంపు ఎదుటి గోడకు చేర్పించారట. నాతో చెప్పడం మరిచారట. రాత్రివేళ హారన్ కొడితే 500 జరిమానా అన్నది మాత్రం నిద్రకళ్లతో కూడా మరవలేదు.

వారం తిరక్కముందే సంఘం సమావేశమైంది. మలుపులో అద్దం ఉండటం అందరికీ సౌకర్యంగా ఉంది కనుక బల్లను అక్కడే ఉంచాలని తీర్మానించారు. బొట్లు తీసేయమని నాకు చెప్పారు.

నిన్న ఉదయం టైరు పంక్చరైంది. జాకీ కింది సొరుగులో ఉంది. వానలకు కర్ర ఉబ్బి ఆ సొరుగు రావడం లేదు.