వల వేశాక స్నాప్ ఇవ్వకుండా ఆగడమే అసలు పని

2015 అక్టోబర్ 18 రాత్రి ఇండియానాపోలిస్‌లో కోల్ట్స్ జట్టు వేసిన ఒక ఎత్తును అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానులు ఇప్పటికీ వెతుక్కుని మరీ చూసి నవ్వుకుంటారు. ఎదుటి జట్టు న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్. మూడో క్వార్టర్ ముగియబోతోంది, స్కోరు 27-21, కోల్ట్స్ వెనకబడి ఉంది. అది నాలుగో డౌన్, అంటే ఆఖరి అవకాశం, కావలసింది 3 గజాలు, బంతి ఉన్నది తమ 37 గజాల గీత దగ్గర. అలాంటి చోట ఏ జట్టయినా పంట్ కొడుతుంది, అంటే బంతిని కాలితో తన్ని దూరంగా పంపేస్తుంది. కోల్ట్స్ కూడా పంట్‌కే వచ్చినట్టు కనిపించింది. అంతలో ఆటగాళ్లలో ఎక్కువమంది ఒక్కసారిగా కుడివైపుకు వెళ్లిపోయారు. బంతి దగ్గర ఇద్దరే మిగిలారు. బంతి మీద చేయి వేసి వంగినవాడు గ్రిఫ్ వేలన్, మామూలుగా పాస్‌లు అందుకునే రిసీవర్. అతని వెనక నిలబడ్డవాడు కోల్ట్ ఆండర్సన్, మామూలుగా డిఫెన్స్‌లో వెనక కాపలా ఉండేవాడు. ఎదురుగా పేట్రియట్స్ ఆటగాళ్లు కదలకుండా చూస్తున్నారు. వేలన్ బంతిని వెనక్కి ఇచ్చేశాడు. ఆండర్సన్‌ను అక్కడికక్కడే పడేశారు. కాసేపటికే పేట్రియట్స్ టచ్‌డౌన్ కొట్టింది. చివరికి 34-27తో గెలిచింది.

చాలామంది దీన్ని పిచ్చి ఆలోచన అని కొట్టిపారేశారు. నా దృష్టిలో ఆలోచనలో పెద్ద తప్పేమీ లేదు. ఆ ఎత్తులో బంతి కదలాల్సిన అవసరమే లేదు, దాన్ని కదిలించడమే తప్పు.

ఈ ఆట అలవాటు లేనివాళ్లకు రెండు ముక్కలు. బంతి నేల మీద ఉంటుంది. సెంటర్ అనే ఆటగాడు దాన్ని కాళ్ల మధ్య నుంచి వెనక ఉన్న క్వార్టర్‌బ్యాక్‌కు అందిస్తే ఆట మొదలవుతుంది. అదే స్నాప్. ఈలోపు డిఫెన్స్ ఆటగాడు గీత దాటి ఉంటే ఆఫ్‌సైడ్, శిక్ష 5 గజాలు. 10 గజాలు ముందుకెళ్లడానికి నాలుగు అవకాశాలుంటాయి, వాటినే డౌన్లు అంటారు. నాలుగో డౌన్‌లో ఇంకా 3 గజాలే కావాలంటే, ఎదుటివాడు ఒక్క అడుగు తొందరపడితే చాలు, కష్టపడకుండానే మళ్లీ నాలుగు అవకాశాలు చేతికొస్తాయి.

ఆ తొందరపాటును పుట్టించడానికి క్వార్టర్‌బ్యాక్ గొంతును వాడతాడు. అరుపుల లయ మారుస్తాడు, ఒక మాటను ఉన్నట్టుండి గట్టిగా అంటాడు, ఇప్పుడే స్నాప్ అన్న భ్రమ కలిగిస్తాడు. దీన్నే హార్డ్ కౌంట్ అంటారు. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు కాలు విసిరినట్టు చేసి డిఫెండర్‌ను ముందుకు రప్పిస్తాడే, ఇదీ అలాంటిదే. ఇక్కడ కాలికి బదులు గొంతు. డెన్వర్ బ్రాంకోస్ క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన పేటన్ మానింగ్ ‘ఒమాహా’ అని అరుస్తుంటే మైక్‌లకు వినబడేది. 2014 జనవరిలో శాన్ డియేగో చార్జర్స్‌తో జరిగిన ప్లేఆఫ్ మ్యాచ్‌లో అతను ఆ మాటను 44 సార్లు అన్నట్టు లెక్కగట్టారు. చార్జర్స్ డిఫెన్స్ ఆ మ్యాచ్‌లో పదే పదే ముందే దూకి దొరికిపోయింది.

ఈ విద్యలో అందరికంటే లాభపడినవాడు మాత్రం ఆరన్ రాడ్జర్స్. గ్రీన్ బే ప్యాకర్స్‌లో ఉన్నన్నాళ్లూ దీన్ని దాదాపు ఆదాయ మార్గంగా మార్చుకున్నాడు. డిఫెన్స్ ఆటగాడు గీత దాటినా ఎవరినీ తాకకుండా, ఎవరినీ కదిలించకుండా స్నాప్‌కు ముందే వెనక్కి వెళ్లిపోతే శిక్ష లేదు. అందుకే ఆ డిఫెన్స్ ఆటగాడు తిరిగి వెళ్లేలోపే సెంటర్ బంతిని అందించేయాలి. అప్పుడు రిఫరీ జెండా విసిరినా ఆట ఆగదు. బంతిని ఎంత దూరమైనా విసరొచ్చు. ఎదుటివాడు పట్టుకుంటే శిక్ష ఒప్పుకుని 5 గజాలు తీసుకుంటారు, మనవాడు పట్టుకుంటే శిక్ష వద్దని ఆ ఫలితాన్నే ఉంచుకుంటారు. నష్టం లేని ఈ పందాన్ని ఫ్రీ ప్లే అంటారు. 2015 సెప్టెంబర్‌లో సియాటిల్ సీహాక్స్‌పై రాడ్జర్స్ ఇలాగే జేమ్స్ జోన్స్‌కు టచ్‌డౌన్ పాస్ విసిరాడు.

పొగడ్తలన్నీ రాడ్జర్స్‌కే వెళ్లాయి. కానీ ఇందులో సగం పని సెంటర్‌ది. కోరీ లిన్స్లీ లాంటివాడు తల వంచుకుని ఉండి కూడా పక్కన ఎవరు గీత దాటారో పసిగట్టి, ఆ క్షణంలోనే బంతిని వదలాలి. మిగతా తొమ్మిదిమందికి ఇది ముందే తెలిసి ఉండాలి. రిసీవర్లు అనుకున్న దారి వదిలేసి నేరుగా ముందుకు పరిగెత్తాలి. ఇది ఒకరి తెలివితో అయ్యే పని కాదు, ఏళ్ల తరబడి కలిసి ఆడితే గానీ రాదు. కోల్ట్స్ దగ్గర లేనిది సరిగ్గా అదే.

కోల్ట్స్ కోచ్ చక్ పగానో తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. పథకం ఏమిటో కూడా చెప్పాడు. అందరూ ఒక్కసారిగా పక్కకు జరిగితే పేట్రియట్స్ కంగారుపడి ఆటగాళ్లను మార్చబోతుంది, మైదానంలో పన్నెండో మనిషి దొరికిపోతాడు, లేదా ఎవరో ఒకరు తప్పు చోట నిలబడతారు. అదేదీ జరగకపోతే స్నాప్ వద్దు, స్నాప్‌కు ఇచ్చిన గడువు అయిపోనిచ్చి 5 గజాలు పోగొట్టుకుందాం, లేదా టైమ్ అవుట్ అడుగుదాం. వినడానికి బాగానే ఉంది. కానీ బంతి దగ్గర ఉన్న వేలన్ మామూలుగా ఆ పనికి సాధన చేసినవాడు కాదని, చేసినవాడు గాయంతో ఆటలో లేడని ఆ జట్టు పంటర్ పాట్ మెకాఫీ తర్వాత చెప్పాడు. ఎప్పుడు స్నాప్ ఇవ్వాలో వేలన్‌కు తెలుసు. ఎప్పుడు ఇవ్వకూడదో అతనికి అందలేదు.

ఇంతకంటే పెద్ద విడ్డూరం ఇంకొకటుంది. కుడివైపు గుంపుగా నిలబడ్డవాళ్లు గీత మీద సరిగ్గా లేరని రిఫరీలు కోల్ట్స్‌కే ఫార్మేషన్ తప్పు చూపించారు. అంటే ఆండర్సన్ అద్భుతం చేసి 3 గజాలు దాటినా ఆ ఆట చెల్లేది కాదు! గెలిచే దారే లేని పందెం కాశారు.

స్నాప్ సమయం విషయంలో అందరికీ ఒకే మాట అందకపోతే ఎంత నష్టమో మానింగ్‌కూ తెలిసొచ్చింది. 2014 ఫిబ్రవరి 2న సియాటిల్‌తో సూపర్ బౌల్ ఫైనల్. ఆ మ్యాచ్‌లో డెన్వర్ బ్రాంకోస్‌కు అది మొట్టమొదటి స్నాప్. మానింగ్ ఏదో మార్చి చెప్పడానికి ముందుకు నడుస్తున్నాడు. స్టేడియం హోరులో సెంటర్ మానీ రమిరెజ్ సంకేతం వచ్చిందనుకుని బంతి వదిలేశాడు. అది మానింగ్ పక్క నుంచి దూసుకుపోయి తమ వైపు మైదానం చివరనున్న ఎండ్ జోన్‌లో పడింది. బంతి అలా సొంత ఎండ్ జోన్‌లో చిక్కుకుపోతే దాన్ని సేఫ్టీ అంటారు. 12 సెకన్లలోనే సియాటిల్‌కు 2 పాయింట్లు. చివరికి 43-8. ఆ ఒక్క బంతితోనే ఓడిపోయారని అనను గానీ, గొంతుతో ఎదుటివాణ్ణి మోసం చేసే జట్టు తన మనిషినే మోసం చేసుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

ఇది ఆటా, మోసమా అని అడిగేవాళ్లూ ఉన్నారు. నియమాలు ఇక్కడ గీత బాగానే గీశాయని నా అభిప్రాయం. గొంతు ఎంత మార్చినా తప్పు లేదు. తల ఎగరేసినా, భుజం కుదిపినా, ఎదుటివాణ్ణి రప్పించడానికే చేశారని రిఫరీకి అనిపిస్తే ఫాల్స్ స్టార్ట్ కింద 5 గజాలు తిరిగి వీళ్లకే పడతాయి. డిఫెన్స్ బంతిని చూసి కదలాలి, చెవులతో ఆడకూడదు. చెప్పడం తేలికే, ఎదురుగా 140 కిలోల మనిషి ముందు సెకనులో చిన్న భాగం మిగుల్చుకుందామని చూసేవాడికి అంత ఓపిక ఉండదు.

డిఫెన్స్ కూడా దీన్ని తిప్పికొట్టగలదు. 2025 జనవరి 26న ఫిలడెల్ఫియా ఈగిల్స్‌తో మ్యాచ్‌లో వాషింగ్టన్ ఆటగాడు ఫ్రాంకీ లూవూ ఒక గజం గీత దగ్గర స్నాప్‌ను ముందే ఊహించి గాల్లోకి దూకాడు. దొరికాడు, మళ్లీ దూకాడు. అక్కడ శిక్షగా పోయేది అరగజం, పావు గజం. పోగొట్టుకునేదే లేనప్పుడు భయమెందుకు? చివరికి ఇలాగే కొనసాగితే ఈగిల్స్‌కు స్కోరే ఇచ్చేస్తామని రిఫరీ మైక్‌లో హెచ్చరించాల్సి వచ్చింది. ఇటూ అటూ ఒకటే లెక్క, ఓడితే పోయేది తక్కువ కాబట్టే ఈ పందేలు పుడతాయి.

డాలస్, ఫ్రిస్కో వైపు ఉండి కౌబాయ్స్ జట్టు ఆటలు చూసే మనవాళ్లు గమనించే ఉంటారు. నాలుగో డౌన్, 2 గజాలు అనగానే క్వార్టర్‌బ్యాక్ అరుపులు మొదలుపెడతాడు. స్నాప్ రాదని స్టేడియంలో పాప్‌కార్న్ అమ్మేవాడికీ తెలుసు. అయినా చేయడం సరైనదే. ఫలించకపోతే 5 గజాలు వెనక్కి వెళ్లి పంట్ కొడతారు, మైదానం మధ్యలో ఆ 5 గజాలకు పెద్ద విలువ లేదు. నాకు నచ్చనిదల్లా ఆ 5 గజాలు కాపాడుకోవడానికి చివరి సెకనులో టైమ్ అవుట్ అడిగే కోచ్‌లు. సగానికి మూడే టైమ్ అవుట్లు ఉంటాయి. ఆఖరి రెండు నిమిషాల్లో గడియారం ఆపడానికి ఒకటి తక్కువైతే ఆ లోటును పంటర్ పూడ్చలేడు.