లైఫ్ జాకెట్ ఉంటే చాలా? అండమాన్ స్నార్కెలింగ్ ఫార్వర్డ్‌కు జవాబు

సెలవులు దగ్గరపడితే చాలు, ఫ్యామిలీ గ్రూపుల్లో అండమాన్ ప్యాకేజీల పోస్టర్ల వెనకాలే స్నార్కెలింగ్ (మాస్క్ పెట్టుకుని, గాలి గొట్టంతో ఊపిరి తీస్తూ, నీళ్ల మీద బోర్లా తేలి కిందికి చూడటం) గురించి ఒక మెసేజ్ తిరుగుతుంది. దాని సారాంశం ఇది: "స్నార్కెలింగ్‌కు ఈత రానక్కర్లేదు, లైఫ్ జాకెట్ వేస్తారు కాబట్టి మునిగే ప్రశ్నే లేదు. ఫుల్ ఫేస్ మాస్క్ ఒకటి కొనుక్కెళ్తే ముక్కుతోనే గాలి పీల్చుకోవచ్చు, ప్రాక్టీసూ అక్కర్లేదు. లోతు నడుం దాకానే, భయమేస్తే నిలబడండి. ఏ నెలైనా ఏ టైమైనా ఒకటే. కళ్లజోడు ఉన్నవాళ్లకు డబ్బు దండగ. బిస్కెట్ ప్యాకెట్ మాత్రం మర్చిపోకండి, చేపలు మీ చుట్టూ మూగుతాయి."

2024 జనవరిలో ప్రధాని లక్షద్వీప్‌లో స్నార్కెలింగ్ చేసిన ఫొటోలు వచ్చాక మనవాళ్లలో కూడా ఈ సరదా పెరిగింది. పెరగనివ్వండి, మంచిదే. మన తూర్పు తీరంలో కృష్ణా గోదావరులు తెచ్చిపోసే ఒండ్రుతో నీళ్లు మసకబారి ఉంటాయి, పగడపు దిబ్బలు పెరగవు. అవి చూడాలంటే ఎక్కువమంది లక్షద్వీప్‌కో అండమాన్‌కో పోతారు. వైజాగ్ నుంచి ఓడ ఉంది, హైదరాబాద్ నుంచి విమానం ఉంది, పోర్ట్‌బ్లెయిర్‌లో (2024 నుంచి అధికారికంగా శ్రీ విజయపురం) దిగితే తెలుగు మాట్లాడేవాళ్లు కూడా కనిపిస్తారు. ఇంత దూరం ఇంత ఖర్చుపెట్టి వెళ్లి, నీళ్లలో అయిదు నిమిషాలు ఉక్కిరిబిక్కిరై, "అబ్బే, ఏమీ కనబళ్లేదు" అంటూ తిరిగొస్తున్నారు చూడండి, ఆ పుణ్యంలో ఈ ఫార్వర్డ్‌కు పెద్ద వాటానే ఉంది.

ఈత సంగతి చూద్దాం. ఆ మాట సగం నిజం. హావ్‌లాక్ దీవిలోని ఎలిఫెంట్ బీచ్‌లోనూ, పోర్ట్‌బ్లెయిర్ ఎదురుగా ఉన్న నార్త్ బేలోనూ ఈత రానివాళ్లను రోజూ నీళ్లలోకి దింపుతూనే ఉన్నారు. లైఫ్ జాకెట్ తొడిగి, చేతికో రింగు ఇచ్చి, గైడ్ ఆ రింగు పట్టుకుని లాక్కుపోతాడు. మునగరు, ఒప్పుకుంటాను. అయితే లైఫ్ జాకెట్‌ను చేసిందే నీళ్లలో పడ్డ మనిషి మొహం పైకి తేలి ఉండటానికి. స్నార్కెలింగ్‌లో మనం చేయాల్సింది మొహం నీళ్లలోకి పెట్టడం. ఛాతీ మీది ఫోమ్ పైకి నెడుతుంటే కాళ్లు కిందికి జారతాయి, మనిషి నిలువుగా అయిపోతాడు, సైకిల్ తొక్కినట్టు కాళ్లు ఆడిస్తాడు. పట్టీలు వదులుగా ఉంటే జాకెట్ మెడ మీదికి లేచి మాస్క్ పట్టీని తోస్తుంది. ఒడ్డు మీద ఉండగానే పక్కవాళ్లను భుజాల దగ్గర పట్టుకుని జాకెట్‌ను పైకి లాగమనండి. గడ్డం దాటి పైకొస్తే అది మీ సైజు కాదు, లేదా పట్టీలు బిగించలేదు.

ఆ రింగు పట్టుకున్నాయన్ని ఒక్కసారి గమనించండి. రెండు చేతులతో రింగును గట్టిగా పట్టుకుంటాడు. మూడు సెకన్లు కిందికి చూస్తాడు. గైడ్ ఉన్నాడా లేడా అని తల పైకెత్తుతాడు. తల వెనక్కి వాలగానే గొట్టం చివర నీళ్లలోకి ఒరుగుతుంది, నిండుతుంది. తర్వాతి శ్వాసకు వచ్చేది గాలి కాదు, ఉప్పునీళ్లు. దగ్గు, కంగారు, "చాలు చాలు, ఒడ్డుకు తీసుకెళ్లు". ఆయనకు ఈత రాకపోవడం వల్ల వచ్చిన తంటా కాదిది. చూపు నేరుగా కిందికి ఉంచాలని, గొట్టం నిండితే "తూ" అని ఒక్క ఊపున నోటితో గట్టిగా ఊది నీళ్లు బయటికి కొట్టాలని ఎవరూ చెప్పకపోవడం వల్ల వచ్చింది. బోటు టికెట్‌లోనే కలిపి ఇచ్చే పది పదిహేను నిమిషాల్లో గైడ్ అది నేర్పాలనుకోవడం అత్యాశ. వెనక ఇంకో బ్యాచ్ కాచుకుని ఉంటుంది.

కాబట్టి నాలుగు పెద్ద స్ట్రోకులు రాకపోయినా ఫర్వాలేదు కానీ మూడు పనులు మాత్రం ఇక్కడే, ఊళ్లోనే, నడుం లోతు స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకుని బయల్దేరండి. బోర్లా కదలకుండా తేలడం. గొట్టంతో నెమ్మదిగా ఊపిరి తీయడం, నిండితే ఊదేయడం. అలసట వస్తే వెల్లకిలా తిరిగి, గొట్టం తీసేసి, ఆకాశం చూస్తూ పడుకోవడం. మూడోది అన్నిటికంటే ముఖ్యం. విశాఖ ఆర్కే బీచ్‌లోనో యారాడలోనో ప్రాక్టీస్ చేద్దామనుకునేరు, వద్దు. ఆ అలలూ లోపలికి లాగే ప్రవాహాలూ కొత్తవాళ్లవి కావు.

ఇక ఫుల్ ఫేస్ మాస్క్, అంటే మొహమంతా కప్పే, గొట్టం అందులోనే అమర్చి ఉండే మాస్క్. ఈ మెసేజ్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన వాక్యం ఇదే, అందుకే దీని దగ్గర కాస్త ఆగుతాను.

ముందు లెక్క అర్థం చేసుకోవాలి. స్థిమితంగా ఉన్నప్పుడు పెద్దవాళ్లు ఒక్కో శ్వాసకు సుమారు అర లీటరు గాలి పీలుస్తారు. అందులో 150 మిల్లీలీటర్ల దాకా గొంతులోనూ శ్వాసనాళాల్లోనూ ఉండిపోతుంది, ఊపిరితిత్తుల లోపలి గదులకు చేరదు. నోట్లో స్నార్కెల్ పెట్టుకున్నాక ఆ గొట్టంలో పట్టే గాలి కూడా దీనికి కలుస్తుంది. అంటే మనం వదిలిన పాత గాలిలో కొంత ప్రతిసారీ మళ్లీ మనమే పీలుస్తున్నాం. నెమ్మదిగా, నిండుగా పీలిస్తే కొత్త గాలి పుష్కలంగా అందుతుంది, ఇబ్బందేమీ లేదు. భయపడి కుక్కపిల్లలా చిన్నచిన్న శ్వాసలు తీస్తే మాత్రం అటూ ఇటూ తిరిగేది ఆ పాత గాలే. కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, ఊపిరాడనట్టు అనిపిస్తుంది, ఇంకా వేగంగా పీలుస్తాం. లైఫ్ జాకెట్ దీన్ని ఆపలేదు. గొట్టాలను నలభై సెంటీమీటర్లు మించకుండా తయారుచేసేదీ ఇందుకే. పైగా ఒక మీటరు లోతులో పడుకుని పొడుగు పైపుతో గాలి పీల్చాలంటే, ఛాతీ మీద నీళ్ల ఒత్తిడిని తోసుకుని కండరాలు పనిచేయలేవు.

ఫుల్ ఫేస్ మాస్క్‌లో మొహం ముందున్న ఖాళీ మామూలు గొట్టంకంటే పెద్దది. మంచి కంపెనీలు ముక్కు, నోటి దగ్గర వేరే అర పెట్టి, గాలి లోపలికి ఒక దారిన వచ్చి బయటికి ఇంకో దారిన పోయేలా వాల్వులు అమరుస్తాయి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే నకళ్లలో ఆ అర సరిగా అతుక్కోకపోతే పాత గాలి, కొత్త గాలి కలిసిపోతాయి. చూసి తేడా పట్టలేం. నీళ్లు చేరితే నోటితో ఊది ఖాళీ చేసే వీలు లేదు, మొత్తం మాస్కే ఊడదీయాలి. తల వెనక పట్టీలు కంగారులో చేతికి చిక్కవు. కిందికి కాస్త మునుగుదామంటే ముక్కు మూసి చెవుల ఒత్తిడి సరిచేసుకునే దారీ ఉండదు. గొట్టం పళ్లతో పట్టుకుంటే వాంతి వచ్చేవాళ్లకు ఇది సుఖంగా ఉంటుందన్న మాట నిజమే. అలాంటివాళ్లు పేరున్న కంపెనీది, తమ మొహానికి సరిపోయే సైజుది కొని, పూల్‌లో ఒక్క చేత్తో లాగి తీసేయడం అలవాటు చేసుకున్నాకే సముద్రంలోకి దిగాలి. "ప్రాక్టీస్ అక్కర్లేదు" అన్నదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం.

అమెరికాలో ఉన్న మన పిల్లలు హవాయి ట్రిప్పులు వేస్తుంటారు కదా, వాళ్ల కోసం ఒక మాట. హవాయిలో పర్యాటకులు నీట మునిగి చనిపోయే సందర్భాల్లో స్నార్కెలింగ్ ముందు వరసలో ఉంటుంది. దీని మీద అక్కడ ప్రత్యేకంగా ఒక అధ్యయనం జరిగింది, 2021లో నివేదిక వచ్చింది. చాలామంది కేకలు, చేతులు కొట్టుకోవడం లాంటివేమీ లేకుండానే నిశ్శబ్దంగా పోయారని, గొట్టంలో గాలికి ఎదురయ్యే అడ్డు, శ్రమ, ముందునుంచీ ఉన్న గుండె జబ్బులు కలిసి ఊపిరితిత్తుల్లోకి వేగంగా నీరు చేరడం ఒక కారణం కావచ్చని ఆ అధ్యయనం చేసినవాళ్లు భావించారు. అంటే బీపీ, గుండె సమస్య ఉన్న నాన్నగారిని "లైఫ్ జాకెట్ ఉందిగా" అని దింపేయడం కాదు, ముందు డాక్టర్ని అడగాలి. నీళ్లలో ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, చేతులు నీరసించినా ఇంకో చేప కోసం ఆగకుండా వెల్లకిలా తిరగాలి, గొట్టం తీయాలి, చెయ్యెత్తాలి, బయటికి రావాలి.

మామూలు మాస్క్ ఎంచుకోవడం అయిదు నిమిషాల పని. పట్టీ వేయకుండా మొహానికి ఆనించి ముక్కుతో కాస్త గాలి లోపలికి లాగండి. చేతులు తీసినా అతుక్కుని ఉంటే అది మీ మొహానికి సరిపోయినట్టే. మన మగవాళ్లకు ఇక్కడ మీసం అడ్డం. ముక్కు కింద సిలికాన్ అంచు మీసం మీద కూర్చుంటే నీళ్లు చెమరుస్తూనే ఉంటాయి. ముక్కుకు ఆనుకున్న సన్నటి చార గీసేస్తే తగ్గుతుంది. మొత్తం తీసేయమనేంత సాహసం నేను చేయను, ఇంట్లో ఫొటోలున్నాయి. కొత్త మాస్క్ కొంటే అద్దం లోపల ఫ్యాక్టరీ పొర ఉంటుంది. టూత్‌పేస్ట్‌తో రెండు మూడుసార్లు రుద్ది కడిగితే తర్వాత మసక పట్టడం తగ్గుతుంది. దిగేముందు లోపల ఉమ్మి రాసి ఒక్కసారి తొలవడం పాత పద్ధతి, ఇప్పటికీ పనిచేస్తుంది. మొహం చిట్లించేవాళ్లు చిట్లించనీ.

"లోతు తక్కువ, భయమేస్తే నిలబడండి" అంటున్నారు. దేనిమీద నిలబడమంటారు? మీ కాళ్ల కింద బండరాయిలా కనిపించేది కోట్ల చిన్న జీవుల కాలనీ. గుండ్రటి దిబ్బలా పెరిగే పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూగా పెరుగుతాయి. ఒక్క కాలు పడితే ఎన్నేళ్ల పెరుగుదల విరుగుతుందో లెక్కేసుకోండి. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్దయెత్తున తెల్లబడిపోయాయి, 2016లో మళ్లీ దెబ్బతిన్నాయి. మిగిలినవాటి మీద మనం చెప్పులేసుకుని నిలబడనక్కర్లేదు. స్వార్థంగా ఆలోచించినా నష్టమే. ఒళ్లంతా ముళ్లుండే సముద్రపు అర్చిన్ ముల్లు అరికాల్లో విరిగితే ట్రిప్పు అక్కడితో సరి. రాయిలా పడుకునే స్టోన్‌ఫిష్ ముల్లు విషం. పగడం గీరిన గాయం తొందరగా మానదు. నిలబడాలనిపిస్తే ఇసుక చూసుకుని నిలబడండి, లేకపోతే వెల్లకిలా తేలండి. విరిగిన ముక్కేగా అని జేబులో వేసుకున్నారో, పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ ఒకటిలో ఉన్నాయి, పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. పోర్ట్‌బ్లెయిర్ విమానాశ్రయంలో బ్యాగులు చూస్తారు.

సీజన్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. అండమాన్‌కు రెండు రుతుపవనాలూ తగులుతాయి, మే నెల నుంచి చాలాకాలం వానలే. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా నీళ్లు తేటగా ఉంటాయి. వండూరు దగ్గరి మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులో జాలీబాయ్ దీవిని ఏడాది పొడుగునా తెరవరు, మిగతా కాలానికి రెడ్ స్కిన్ దీవికి పంపుతారు. టైమూ ముఖ్యమే. అక్కడ తెల్లారడం అయిదు, అయిదున్నరకే. గాలి లేవకముందు, జనం రాకముందు ఉదయాన్నే దిగాలి. ఆటుపోట్ల వేళలు హోటల్‌వాళ్లను అడగండి. నీల్ దీవిలో భరత్‌పూర్ దగ్గర ఆటు వేళ నీళ్లు బాగా తగ్గినప్పుడు దిగితే పొట్ట పగడాలకు రాసుకుంటుంది. ఇంకో సంగతి ఫార్వర్డ్ ఊసే ఎత్తలేదు: ఉప్పునీటి మొసళ్లు. 2010 ఏప్రిల్‌లో హావ్‌లాక్ రాధానగర్ బీచ్ పక్కన స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ పర్యాటకురాలిని మొసలి చంపింది. అలాంటివి అరుదు. కానీ హెచ్చరిక బోర్డు ఉన్నచోట, వాగు కలిసేచోట, చీకటి పడ్డాక దిగొద్దంటే దిగొద్దనే.

కళ్లజోడు ఉన్నవాళ్లకు దండగ అన్నది ఉత్త మాట. మాస్క్ లోంచి చూస్తే నీళ్లలో వస్తువులు ఉన్నదానికంటే దగ్గరగా, మూడో వంతు పెద్దగా కనిపిస్తాయి. పవర్ తక్కువైతే అదే సరిపోవచ్చు, ఎక్కువైతే పవర్ అద్దాలున్న మాస్కులు అమ్ముతారు. రీల్స్‌లో చూసిన ఎరుపులు మాత్రం ఆశించకండి. నీరు ఎరుపును ముందే మింగేస్తుంది, కొన్ని మీటర్ల లోతుకే అంతా నీలిపచ్చగా మారుతుంది. రీల్స్‌లో రంగులు ఫోన్‌లో ఎక్కించినవి.

చివరిగా ఆ బిస్కెట్లు. వేస్తే చేపలు మూగుతాయి, అబద్ధం కాదు. మూగేవి ఎక్కడైనా కనిపించే చారల సార్జెంట్ చేపలు, వేళ్లు కూడా కొరుకుతాయి. చిలకచేపకు ఈ తిండి అలవాటైతే అది చేయాల్సిన పని ఆగుతుంది. పగడాల మీద పేరుకునే పాచిని గీకి తినేది అదే. గీకేటప్పుడు సున్నపు పొడి మింగి ఇసుకగా విసర్జిస్తుంది. మీరు ఫొటో దిగే తెల్లటి బీచ్ ఇసుకలో దాని వాటా ఉంది! ఏమీ విసరకుండా, కాళ్లు ఆడించకుండా ఒక్కచోట బోర్లా తేలుతూ ఉండండి. కాసేపటికి అవే పనిలో పడతాయి, పళ్లతో పగడాన్ని కొరికే కటకట నీళ్లలో స్పష్టంగా వినిపిస్తుంది. పువ్వులా కనిపించే అనిమొన్ అనే సముద్రజీవి లోంచి తల బయటపెట్టి మిమ్మల్ని తరిమేద్దామని చూసే వేలెడు క్లౌన్ ఫిష్ కనిపిస్తుంది. బిస్కెట్ ప్యాకెట్ తీసుకెళ్లండి, ఎవరొద్దన్నారు? బోటు ఎక్కాక మీరే తినండి, నీళ్లలోంచి వచ్చాక ఆకలి దంచేస్తుంది.