33 బిలియన్లూ ఎవరి జేబులోకి వెళ్ళాయి?

2023 అక్టోబరులో ఆస్ట్రేలియాలో ఒక రిఫరెండం జరిగింది. అబోరిజినల్, అంటే ఇక్కడి ఆదివాసీ ప్రజల తరఫున పార్లమెంటుకు సలహా చెప్పే మండలి ఒకటి ఉండాలా వద్దా అన్నది ప్రశ్న. వద్దన్నవాళ్ళే గెలిచారు. ప్రచారం ముగిసింది గానీ అప్పట్లో జోరుగా తిరిగిన మెసేజొకటి ఇక్కడి తెలుగు వాట్సాప్ గ్రూపుల్ని ఇంకా వదల్లేదు. "ఆదివాసీ సంస్థలకు ఏటా 33 బిలియన్ డాలర్లు పోస్తున్నారు. లెక్కా పత్రం లేదు. వాళ్ళకు సంస్థ నడపడం చేతకాదు. ఉన్నవాటినీ తెల్లవాళ్ళే నడుపుతున్నారు." మొన్న మా గ్రూపులో మళ్ళీ పడింది, కింద చప్పట్ల బొమ్మలతో సహా.

33 అనే అంకె ఎవరూ కల్పించింది కాదు, అందుకే నమ్ముతారు. ప్రభుత్వానికి చెందిన ప్రొడక్టివిటీ కమిషన్ 2017లో ఇచ్చిన నివేదికలో 2015–16 సంవత్సరానికి 33.4 బిలియన్లని ఉంది. కాకపోతే అందులో 82 శాతం అందరికీ ఉండే బడులు, ఆసుపత్రులు, పింఛన్లు, పోలీసుల ఖర్చులో అబోరిజినల్ ప్రజల వంతుకు ఎంతొస్తుందో కట్టిన లెక్క. ఒక కుర్రాణ్ణి పట్టుకెళ్ళి జైల్లో పెట్టినా ఆ ఖర్చు ఇందులోనే పడుతుంది. వాళ్ళకోసమే ప్రత్యేకంగా పెట్టిన పథకాలవి 6 బిలియన్లు. అదైనా అంతా ఆదివాసీ సంస్థల చేతికి రాదు, ప్రభుత్వ శాఖలూ వేరే సేవాసంస్థలూ అందులోంచే తీసుకుంటాయి. తలసరి ఖర్చు మిగతావాళ్ళకన్నా రెట్టింపు అన్నమాట మాత్రం నిజం. జబ్బులు ఎక్కువ, ఊళ్ళు దూరం. ఎడారి మధ్యకు నర్సును పంపడం సిడ్నీలో పంపినంత చవగ్గా అవదు.

ఇక లెక్కా పత్రం. నాకు నవ్వొచ్చింది ఇక్కడే. ఈ సంస్థలకోసం 2006లో ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు, 2007 జులై నుంచి అమల్లో ఉంది. దాని కింద మూడు వేలకు పైగా సంస్థలు నమోదయ్యాయి. డైరెక్టర్లలో సగానికి మించి ఆదివాసీలే ఉండాలి. జూన్‌తో ఏడాది ముగిస్తే డిసెంబరు ఆఖరుకల్లా నివేదిక పెట్టాలి, పెట్టకపోతే కోర్టుకీడ్చవచ్చు. పైగా వీటిని నమోదు చేసే ప్రభుత్వ అధికారి, రిజిస్ట్రారుకు పుస్తకాలు తనిఖీ చేయించే అధికారం, పరిస్థితి బాగోకపోతే తానే ప్రత్యేక అడ్మినిస్ట్రేటరును కూర్చోబెట్టే అధికారం ఉన్నాయి. ఈ రిజిస్టరు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. మన సంఘాల్లో ఉగాది వేడుకలకు ఎంత వసూలైందో, ఎంత మిగిలిందో అడిగి చూడండి, తేడా తెలుస్తుంది.

తినేసినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. అడ్మినిస్ట్రేటర్లు వచ్చి కూర్చున్న సంస్థలూ ఉన్నాయి, ఆ సంగతీ అదే ఆఫీసు బయటపెడుతుంది. దాచిపెట్టి ఉంటే మెసేజ్ రాసినవాడికైనా తెలిసేది కాదు.

చేతకాదన్న మాటకు జవాబుగా ఒక ఊరి కథ చెప్తాను. ఆస్ట్రేలియా నడిమధ్య ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్ పట్నానికి పడమర 500 కిలోమీటర్ల పైన, చాలామటుకు మట్టిరోడ్డు మీద వెళ్తే కింటోర్ వస్తుంది. పింటుపి అనే ఆదివాసీ జనం ఊరు. అక్కడ కిడ్నీలు పాడైతే డయాలసిస్‌కు ఆలిస్ స్ప్రింగ్స్ వెళ్ళాల్సి వచ్చేది. వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగైదు గంటలు. అంటే వెళ్ళిరావడం కాదు, ఊరు విడిచిపోవడమే. పెద్దవాళ్ళు మనవల మొహం చూడకుండా, తమ నేలకు దూరంగా పోయేవాళ్ళు. ఉద్దానం మనుషులకు ఈ బాధ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఊళ్ళోనే మిషను పెట్టమంటే ప్రభుత్వం పెట్టలేదు. అప్పుడు కింటోర్, మరో పింటుపి ఊరు కివిర్‌కురా చిత్రకారులు కలిసి నాలుగు పెద్ద బొమ్మలు వేశారు. ఒక్కో ఊరినుంచి మగవాళ్ళదొకటి, ఆడవాళ్ళదొకటి. వాటితోపాటు మరికొన్ని బొమ్మలు 2000 నవంబరులో సిడ్నీలో వేలం వేస్తే పది లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. ఆ డబ్బుతో సొంత సంస్థ పెట్టుకున్నారు. 2004లో కింటోర్‌లో మొదటి డయాలసిస్ జరిగింది. ఆ సంస్థ ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఊదారంగు ఇంటినుంచి నడిచింది కాబట్టి అందరూ పర్పుల్ హౌస్ అంటారు. ఇప్పుడు 20 దాకా మారుమూల ఊళ్ళలో దాని మిషన్లున్నాయి. మిషన్లు బిగించిన ఊదారంగు ట్రక్కు కూడా ఉంది. పట్నంలో ఉండిపోయిన రోగి చావుకో పండక్కో సొంతూరు వెళ్తే, ట్రక్కు ఆ ఊరికి వెళ్తుంది. మారుమూల ఊళ్ళ డయాలసిస్‌కు ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ డబ్బు ఇవ్వడం మొదలైంది 2018 నవంబరులో. ఎవరు ముందు నడిచారో, ఎవరు వెనక వచ్చారో చూడండి.

ఇదొక్కటే అనుకోకండి. సిడ్నీలోని రెడ్‌ఫెర్న్‌లో అబోరిజినల్ మెడికల్ సర్వీస్ 1971లో తెరిచారు. బొమ్మలు అమ్మే పపున్యా తులా 1972 నాటిది, చిత్రకారులే యజమానులు.

తెల్లవాళ్ళు నడుపుతున్నారన్నది ఆఖరి మాట. నర్సులు, మేనేజర్లు చాలాచోట్ల వాళ్ళే, కాదనను. జీతానికి వచ్చినవాళ్ళు. ఊళ్ళో పాల సొసైటీ సెక్రటరీ పొరుగూరివాడైతే సొసైటీ పొరుగూరిదైపోతుందా? పాలు పోసేవాళ్ళు ఎన్నుకున్న బోర్డు చెప్తే అతను చేస్తాడు, అంతే.