లాస్ట్ ఫ్రాస్ట్ డేట్ గారికి, బ్రాడీపేట నుంచి

మహారాజశ్రీ లాస్ట్ ఫ్రాస్ట్ డేట్ గారికి, గుంటూరు బ్రాడీపేట నుంచి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేం క్షేమం. అక్కడ మీరెలాగూ క్షేమంగానే ఉంటారు. పోతే మా అల్లుడి టమాటా మొక్కలు పోతాయి గానీ మీకు పోయేదేముంది?

నేనెవరో మీకు గుర్తుండకపోవచ్చు. పోయినసారి మే నెలలో, అమెరికాలో మినియాపొలిస్ పక్కన ఒక ఇంటి పెరట్లో, లుంగీ మీద స్వెట్టరు, స్వెట్టరు మీద అల్లుడి జాకెట్టు, నెత్తిన మంకీ క్యాపుతో తెల్లవారుజామున వంగ మొక్క ముందు గొంతుక్కూర్చున్న మనిషి ఒకడున్నాడు చూడండి, వాణ్నే నేను.

మా నాన్నది ప్రత్తిపాడు వైపు మెట్ట వ్యవసాయం. నేను ముప్పై ఏళ్లు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేశాను. టిక్కీలోంచి, అదే మిర్చి బస్తాలోంచి, గుప్పెడు కాయ తీసి చూపిస్తే అది తేజ రకమో 334 రకమో, అందులో తాలు ఎంతో అక్కడికక్కడే చెప్తాను. అలాంటివాడికి నాలుగు మొక్కలు నాటడం ఇంకొకరు చెప్పాలా అనే పొగరుతో విమానం ఎక్కాను. ఆ పొగరు ఆ పెరట్లోనే ఎక్కడో ఉండిపోయింది. దొరికితే ఉంచుకోండి, పోస్టులో పంపనక్కర్లేదు.

ఏప్రిల్‌లో మేం దిగేసరికి రోడ్ల పక్కన ఊడ్చిపోసిన స్నో గుట్టలు మసిపట్టి నల్లగా ఉన్నాయి. తర్వాత వారానికే ఒక శనివారం 22 డిగ్రీలు వచ్చింది. ఆ వీధిలో జనమంతా నిక్కర్లు వేసుకుని బయటికొచ్చారు. నాకేమో అది సంక్రాంతినాటి మధ్యాహ్నం ఎండలా అనిపించింది. ఇంకేం, పార అందుకున్నాను.

"నాన్నా, ఆగు. లాస్ట్ ఫ్రాస్ట్ డేట్ దాటకుండా పెట్టకూడదు" అంది మా అమ్మాయి.

మీ పేరు వినడం అదే మొదలు. అమ్మాయి చెప్పిన తీరుకి, మీరెవరో పెద్ద ఆఫీసరనీ, మీ సంతకం పడందే అక్కడ పాదు తవ్వడానికి వీల్లేదనీ అనుకున్నాను. తీరా చూస్తే, ఆఖరి మంచు పడే రోజని అంచనా వేసి పెట్టిన తేదీ తమరు.

ఆలోపు మొక్కలేమీ ఖాళీగా లేవు. మార్చిలోనే మా అల్లుడు బేస్‌మెంట్‌లో ట్రేలు పరిచి, పైన ట్యూబులైట్లు కట్టి, విత్తనం వేసి ఉంచాడు. ట్రేల కింద నల్లటి చాప ఒకటి. చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. ఇదేంటి బాబూ అంటే, మిరప గింజ మొలవాలంటే మట్టి 25 డిగ్రీల పైన ఉండాలి మామయ్య గారూ, అందుకని కరెంటు చాప అన్నాడు. మా ఆవిడ అక్కడే మెట్ల మీద కూలబడి నవ్వింది. ఆ రాత్రే తెనాలిలో చెల్లెలికి ఫోన్ చేసి, "గుంటూరు మిరపకాయకి చలేస్తోందంటే, దుప్పటి వేశారే!" అని చెప్పింది. ఇక్కడ మేం జులై, ఆగస్టుల్లో నారు పోస్తాం, నలభై రోజుల నారు తీసి పొలంలో నాటుతాం. వాన ఎక్కువైతే నారు కుళ్లుతుందన్న భయం ఉంది గానీ, మిరపకి చలి తగులుతుందని మా తాతల్లో ఎవరూ భయపడలేదు.

విత్తనాలు కూడా మావి కావులెండి. మా ఆవిడ గోంగూర, బెండ, దోస గింజలు పొట్లాలు కట్టి సూట్‌కేసులో సర్దింది. తెగులు లేదని ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లేకుండా విత్తనం ఆ దేశంలోకి రాకూడదట. ఉన్నది ఉన్నట్టు ఫారంలో రాశాం, విమానాశ్రయంలో వాళ్లు తీసి పక్కన పడేశారు. ఆవకాయని మాత్రం ఏమీ అనలేదు. ఆవకాయలోంచి ఏదీ మొలవదని వాళ్లకీ తెలిసినట్టుంది. చివరికి అక్కడి ఇండియన్ స్టోర్‌లోనే ప్యాకెట్లు కొన్నాం.

ఇక అసలు సంగతికి వస్తాను. యాప్‌లో వాళ్ల ఊరి పిన్‌కోడ్ కొడితే తమరు మే 10 అని దర్శనమిచ్చారు. సరే, పెద్దవారి మాట అని నేను మే 10 దాకా పార ముట్టుకోలేదు. పదకొండున పొద్దున్నే నాటుదామని గుంటలు తీస్తుంటే ఈసారి మా ఆవిడ అడ్డం వచ్చింది.

"ఇవాళ కర్తరి. మట్టి ముట్టుకోవద్దు."

మీకు తెలియదు కాబట్టి చెప్తున్నా. మాకు మే 4 ప్రాంతంలో డొల్లు కర్తరి, 11 ప్రాంతంలో నిజకర్తరి మొదలై 28 దాకా ఉంటుంది. సూర్యుడు భరణి చివర్లోంచి కృత్తిక మీదుగా రోహిణిలో అడుగుపెట్టే రోజులు. ఇల్లు మొదలుపెట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు కొట్టకూడదు. ఇందులో నాకు తెలిసిన శాస్త్రం వడదెబ్బ ఒక్కటే. గుంటూరులో 44 డిగ్రీల ఎండలో పలుగెత్తినవాడు సాయంత్రానికి ఇంటికి రాడు. ఆ వేడికి మిర్చి యార్డుకే సెలవులిస్తారు. ఆ పైన రోహిణి కార్తెలో రోళ్లు పగలడం సరేసరి. ఈ ముక్కే చెప్పి, ఇక్కడ 15 డిగ్రీలుంటే కర్తరేమిటే అన్నాను. "పంచాంగానికి వీసా అక్కర్లేదు" అంది.

సరిగ్గా అప్పుడే పక్కింటి పెద్దాయన కంచె దగ్గరికొచ్చాడు. ఎనభై దాటిన మనిషి, ఆయన పూర్వీకులు జర్మనీ వాళ్లట. గుంటలు చూసి తల అడ్డంగా ఊపి, వేళ్లు మూడు చూపించాడు. మామెర్టస్, పాంక్రాస్, సెర్వాటియస్. ముగ్గురు సెయింట్లు. వాళ్ల పండగలు మే 11, 12, 13. ఐస్ సెయింట్లు అంటారట. ఈ ముగ్గురూ వెళ్లేదాకా వాళ్ల నాయనమ్మ టమాటా నారు గడప దాటించేది కాదట. వీళ్లు ముగ్గురూ సరిపోనట్టు 15న కోల్డ్ సోఫీ అని ఇంకొక ఆవిడ వస్తుందట. మా అమ్మాయి ఇదంతా తెలుగులో చెప్పగానే మా ఆవిడ మొహం వెలిగిపోయింది. "చూశారా, వాళ్లకీ పదకొండునే!" అంది. ఒకరి భాష ఒకరికి రాకుండానే ఇద్దరూ ఒక పార్టీ అయిపోయారు. మాకు నిప్పులు కురిసే తేదీ, వాళ్లకి మంచు కురిసే తేదీ ఒకటే కావడం ఏమిటో, ఆ లెక్క నాకిప్పటికీ తెగలేదు.

నేను వినలేదు. మీ మాట మీద నాటేశాను. టమాటా పన్నెండు, వంగ ఆరు, మిరప ఎనిమిది.

మూడో రోజు పగలంతా బ్రహ్మాండమైన ఎండ. సాయంత్రానికి గాలి ఆగిపోయింది. ఒక్క మబ్బు తునక లేదు, నక్షత్రాలు లెక్కపెట్టుకోవచ్చు. మా గుంటూరులో అయితే డాబా మీద రెండు బకెట్ల నీళ్లు చల్లి, నవారు మంచాలు వేసుకుని, హమ్మయ్య అని పడుకునే రాత్రి అది. అక్కడ అలాంటి రాత్రే దొంగ అని నాకేం తెలుసు? మబ్బుంటే నేలలోని వేడి దుప్పటి కింద ఉన్నట్టు ఉంటుందట. ఆకాశం తేటగా ఉంటే ఆ వేడంతా పైకి పోతుంది, చల్లబడిన గాలి బరువెక్కి నేలమీద కూర్చుంటుంది. ఫోన్ 2 డిగ్రీలు చూపించింది. సున్నా కాదుగదా అని పడుకున్నాను. ఆ 2 డిగ్రీలు నిలువెత్తు మనిషి మెడ దగ్గర కొలిచిన లెక్క. జానెడు మొక్క దగ్గరికి వచ్చేసరికి సున్నా ఎప్పుడో దాటిపోయింది.

పొద్దున్నే చూస్తే పచ్చిక మీద మెత్తటుప్పు చల్లినట్టుంది. టమాటా ఆకు పట్టుకుంటే గాజుపెంకులా బిరుసుగా ఉంది. ఎండ తగలగానే మెత్తబడి, నీళ్లు కారి, ఉడికించిన తోటకూరలా వేలాడింది. తొమ్మిదింటికల్లా నల్లగా అయిపోయింది. ఎండకి మాడిన మొక్కల్ని జన్మంతా చూశాను. చలికి పోయినా అదే రంగు. మా ఆవిడ కాఫీ గ్లాసుతో తలుపు దగ్గరికొచ్చి చూసింది. "కర్తరి" అంది. లోపలికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం అల్లుడు లాప్‌టాప్ తెరిచి మీ జాతకం చూపించాడు. 1991 నుంచి 2020 దాకా ముప్పై ఏళ్ల ఉష్ణోగ్రతలు తీసి, అందులో సగం ఏళ్లకి ఆఖరి మంచు ఏ తేదీలోపు అయిపోయిందో ఆ తేదీకి మీ పేరు పెట్టారట. అంటే మిగతా సగం ఏళ్లలో మీరు దాటాక కూడా మంచు పడింది. అయ్యా, సగం సగం! ఇది తేదీనా, బొమ్మా బొరుసా? మా యార్డులో సగం తాలున్న టిక్కీని మంచి కాయ అని వేలం పెడితే, కొనేవాళ్లు ఆ కొట్టు మొహం మళ్లీ చూస్తారా? మీ పట్టికలోనే మీ తర్వాత ఇంకో తేదీ ఉంది, పదిలో ఒక్క వంతు భయమే మిగిలేది. ఆ పెద్దమనిషి పేరు ఎవరూ ఎత్తరు. పేరంతా మీకే. "లాస్ట్" అని పెట్టుకున్న పేరులోనే అబద్ధం ఉంది కదండీ. ఆఖరి మెట్టు అన్నారని కాలు పెడితే కింద ఇంకో మెట్టుంటే ఎలా ఉంటుందో ఒకసారి ఆలోచించండి.

ఇంత జరిగినా మా అల్లుడికి మీ మీద కోపం రాలేదు. పైపెచ్చు, 2023లో హార్డీనెస్ జోన్ల మ్యాపు మార్చారనీ, వాళ్ల ఊరు 4బి నుంచి 5ఎకి వచ్చిందనీ ప్రమోషన్ వచ్చినవాడిలా చెప్పాడు. ఆ అంకె చలికాలంలో చలి సగటున ఎంత కిందికి దిగుతుందో చెప్పేది, ఏళ్లపాటు బతికే చెట్లకి పనికొచ్చేది. మే నెలలో టమాటాకి దాంతో పనేముంది? మైనస్ 30 కాస్తా మైనస్ 28 అయినందుకు స్వీట్లు పంచుతారా అని అడిగాను. నవ్వాడు. మంచి పిల్లాడే.

రెండోసారి నర్సరీలో మొక్కలు కొన్నాం. వాటిని తిన్నగా నాటకూడదట, బయటి గాలికి అలవాటు చేయాలట. మొదటి రోజు నీడలో గంట, రెండో రోజు రెండు గంటలు, అలా వారం పది రోజులు పొద్దున బయటికి, సాయంత్రం లోపలికి. ఈ పని మా ఆవిడ తీసుకుంది. పురిటి బిడ్డని ఎండ చూపించడానికి తీసుకెళ్లినట్టు ట్రే ఎత్తుకుని వెళ్లేది, గాలి గట్టిగా వీస్తే "చాల్లే తల్లీ" అని తెచ్చేసేది. సాంబ్రాణి ఒక్కటే తక్కువ.

నాటింది మే 29న. కర్తరి వెళ్లిన మర్నాడు. ఎవరూ ఏమీ అనలేదు, నేనూ అనలేదు.

జూన్ మొదట్లో ఒక రాత్రి మళ్లీ ఆకాశం తేటపడింది. ప్లాస్టిక్ షీటు వేయబోతే పక్కింటాయన వద్దన్నాడు, అది ఆకుకి అంటుకున్నచోట చలి దిగుతుందట, బట్ట కప్పమన్నాడు. దుప్పట్లు చాలలేదు. మా ఆవిడ లోపలికి వెళ్లి తన మంగళగిరి నేత చీరలు మూడు తెచ్చింది, మెత్తబడిన పాతవి. కర్రలు పాతి, వాటి మీద చీరలు కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టాం. పెరటి దీపం వెలుతురులో జరీ అంచులు మెరుస్తుంటే ఎవరింటి ముందో పెళ్లి పందిరిలా ఉంది. ఆ రాత్రి మంచు పడలేదు. ఎందుకు పడలేదని మిమ్మల్ని అడగను. చీరలకి భయపడ్డారని మా ఆవిడ నమ్మకం.

ఆ తర్వాత అక్కడి పొద్దు సంగతి ఒప్పుకోవాలి. జూన్‌లో పదిహేనున్నర గంటల పగలు. సొర తీగ పొద్దున చూసినచోట సాయంత్రం ఉండేది కాదు. చిక్కుడు మాత్రం కుందేళ్ల పాలైంది. గోంగూర నడుమెత్తు పెరిగింది, ఎంత కోసినా తరగలేదు. కానీ పువ్వు పుయ్యలేదు. పగలు కురచైతే గానీ అది పుయ్యదు. అక్కడ పగలు కురచయ్యే వేళకి మీ తమ్ముడు ఫస్ట్ ఫ్రాస్ట్ డేట్ గారు కత్తి నూరుకుని వచ్చేస్తారు. గింజ కట్టకుండానే చెట్టు పోతుంది, మళ్లీ ఏటికేడు ప్యాకెట్ కొనుక్కోవాల్సిందే.

ఈ ఏడు మేం వెళ్లలేదు. ఇక్కడ డాబా మీద కుండీల్లో నేను పెట్టిన పుదీనా మూడు రోజుల్లో గడ్డిలా ఎండిపోయింది. నిన్న అల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్య గారూ, ఈ వారమంతా 20 పైనే ఉంది, లాస్ట్ ఫ్రాస్ట్ డేట్ కూడా దాటింది. పెట్టేయమంటారా?"

నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ ఫోన్ లాక్కుంది. "ఇవాళ తేదీ ఎంత బాబూ?" అంది. పంతొమ్మిది అన్నాడు. "ఇరవై ఎనిమిది వెళ్లనీ" అంది.

సరే అత్తయ్య గారూ అన్నాడు. మీ మాట ఎవరూ ఎత్తలేదు.

ఇట్లు,
మీ సగం నమ్మకస్తుడు,
మిర్చి యార్డు మాజీ గుమాస్తా,
బ్రాడీపేట, గుంటూరు.

తా.క.: ఆ మూడు చీరల్లో ఆకుపచ్చ అంచుది ఇంకా అక్కడే బేస్‌మెంట్‌లో ఉండిపోయింది. అది అమ్మాయి పుట్టినప్పుడు కొన్నదట. ఈసారి దాన్ని కప్పొద్దని మా ఆవిడ అల్లుడికి మరీ మరీ చెప్పింది. తమరు గనక మళ్లీ తేదీ దాటాక వచ్చే పనైతే, ముందు దుప్పట్లున్న వైపు రండి.