ఆ అయిదుగురి ఉత్తరం

న్యూజెర్సీలో మన తెలుగు సంఘం జరిపిన ఉగాది సభలో ముఖ్య అతిథి రిజర్వేషన్లతో చదువుకున్నవారిని ఎద్దేవా చేస్తున్నప్పుడు నేను మూడో వరుసలో ఉన్నాను. హాలంతా చప్పట్లు. నా వెనక కూర్చున్న అమ్మాయి లేచి బయటికి వెళ్ళిపోయింది. ఆరేళ్ళప్పుడు ఆమె చేత అక్షరాలు దిద్దించింది నేనే. పదకొండేళ్ళప్పుడు ఇదే వేదిక మీద, కులాన్ని నిలదీసే వేమన పద్యం తడబడకుండా అప్పజెప్పి వెండి కుంకుమ భరిణె గెలుచుకుంది. వాళ్ళ నాన్నగారు రిజర్వేషన్‌తోనే ఇంజనీరింగ్ చదివారు. ఆ రోజు అందరం తిన్న పులిహోర కలిపింది వాళ్ళ అమ్మగారు.

వారం తిరక్కుండానే ఆమె, మన తెలుగు బడిలో చదివి వెళ్ళిన మరో నలుగురు అమ్మాయిలు కలిసి కార్యవర్గానికి ఉత్తరం రాశారు, తెలుగులోనే. చదువుతుంటే నా కళ్ళు చెమర్చాయి. జవాబు మాత్రం రెండు వాక్యాలు: అతిథిని గౌరవించడం మన సంప్రదాయం, వేదికను రాజకీయాలకు దూరంగా ఉంచుదాం.

ఇలాంటి జవాబు మన పక్క ఊరికి కొత్త కాదు. ఎడిసన్ దాటితే న్యూ బ్రన్స్‌విక్. మన పిల్లలు ఎందరో చదువుతున్న రట్గర్స్ విశ్వవిద్యాలయంలో భాగంగా అక్కడ 1918లో న్యూజెర్సీ మహిళా కళాశాల మొదలైంది. తరువాత అదే డగ్లస్ కళాశాల అయింది. హిట్లర్ అధికారానికి వచ్చిన తొలి ఏళ్ళలో అక్కడి జర్మన్ విభాగానికి అధిపతి ఫ్రెడరిక్ హౌప్ట్‌మన్. నాజీలను బాహాటంగా వెనకేసుకొచ్చేవాడు. అదే విభాగంలో నాజీలను వ్యతిరేకించిన లీన్‌హార్డ్ బెర్గెల్ ఉద్యోగం 1935లో పోయింది. కళాశాలలో చదివి వెళ్ళిన యూదు యువతులు కొందరు ఊరుకోలేదు. ఆ విభాగంలో నాజీ గాలి వీస్తోందని, పెద్దలు చూసీ చూడనట్టున్నారని నిరసన తెలిపారు. తాము చదివిన చోటు మీద మమకారం లేకపోతే పట్టా పుచ్చుకుని వెళ్ళినవాళ్ళకు ఆ గొడవ ఎందుకు?

ధర్మకర్తలు విచారణ సంఘం వేశారు. పలుమార్లు కూర్చుని సాక్ష్యాలు విన్నారు. చివరికి హౌప్ట్‌మన్ తప్పేమీ లేదన్నారు. అయిదేళ్ళు తిరిగేసరికి, 1940లో, ఆయన జర్మనీ వెళ్ళిపోయి నాజీ ప్రభుత్వ కొలువులో చేరాడు.

న్యాయంగా ఇంకొకటీ చెప్పాలి. 1980లలో రట్గర్స్ తన చరిత్రకారుల చేతనే ఈ వ్యవహారాన్ని తిరగదోడించింది. హౌప్ట్‌మన్ నాజీ అన్నది నిజమేననీ, బెర్గెల్‌ను తీసేసింది మాత్రం రాజకీయ కారణాలతో కాదనీ వారు తేల్చారు. ఉద్యోగం సంగతి వారన్నట్టే అనుకుందాం. ఆ యువతులు హౌప్ట్‌మన్‌లో చూసింది మాత్రం నిజమే. దాన్ని ఒప్పుకోవడానికి యాభై ఏళ్ళు పట్టింది.

మన అతిథిని నాజీ అంటున్నానా? లేదు. ఆయన మాట్లాడింది పావుగంట, వెళ్ళిపోయారు. నేను పక్కపక్కన పెట్టి చూస్తున్నది వినవలసినవారు విన్న తీరును. అతిథి మర్యాద నాకూ ప్రాణమే. గుమ్మంలో కాళ్ళకు నీళ్ళిచ్చే ఇంట పెరిగాను. కానీ ఆ ఇంట్లోనే, పొలం పని చేసి వచ్చినవాళ్ళకు దోసిట్లో ఎత్తి పోసేవారు మంచినీళ్ళు. ఆ చెంబు ఎవరూ ముట్టుకోకూడదు. అదీ సంప్రదాయమనే అన్నారు. చిన్నప్పుడు అడగలేదు, మొన్న హాలులోనూ లేవలేదు. అందుకు సిగ్గుపడుతున్నాను.

కార్యవర్గ సభ్యులకు చేతులు జోడించి అడుగుతున్నాను. వచ్చే సమావేశానికి ఆ అయిదుగురినీ పిలవండి. ఉత్తరాన్ని వాళ్ళ నోటితోనే చదవనివ్వండి. మధ్యలో ఎవరూ అడ్డుపడకండి. ఆ అమ్మాయి మళ్ళీ మన హాలులో అడుగు పెడితే, ఈసారి ఆమె పక్క కుర్చీలో నేను కూర్చుంటాను.